ట్రేగాడి సెల్యూట్

ఉరుము మాస్టారి గొంతు గురించి ఆ వీధిలో చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. మిగతా సగం ఆయన స్వయంగా చెప్పినవి. పొద్దున్నే మేడమీద నిలబడి ఆయన ఒక్కసారి దగ్గితే ఎదురింటి గడియారం ఆగిపోతుందనీ, రైలు స్టేషన్లో గార్డు తన విజిల్ ఇంట్లో మర్చిపోయి వచ్చిన రోజున ఈయన్నే పిలిపించి పని కానిచ్చారనీ, సైన్యంలో ఉండగా ఆయన "అటెన్షన్" అంటే శత్రువుల కందకాల్లో కూడా నలుగురైదుగురు మడమలు కలిపేసేవారనీ అంటారు. గడియారం సంగతి మాత్రం నిజం. ఎదురింటివాళ్ళు దాన్ని బాగుచేయించి వెనక గదిలోకి మార్చుకున్నారు.

సైన్యంలో ఆయన పని కొత్త కుర్రాళ్ళకు కవాతు నేర్పడం. యుద్ధం వస్తే వాళ్ళ వెంటే ముందువరసకూ వెళ్ళారు. యుద్ధం అయిపోయాక ఇంటికి పంపించేశారు. ఇంటి దగ్గర కవాతు చేయించడానికి భార్య ఒక్కతే ఉంది, ఆవిడ ఆయన మాట వినే రకం కాదు. అందుకని మూతబడిన నూలుమిల్లు గేటు దగ్గర కాపలా పనికి కుదిరారు. లోపల పావురాలు తప్ప ప్రాణి లేదు. వాటినైనా వరసలో కూర్చోబెట్టాలని కొన్నాళ్ళు చూశారు.

"కుదిరిందా?" అని భార్య అడిగితే, "సగం కుదిరింది. దూరం సరిగ్గానే పాటిస్తున్నాయి. క్రమశిక్షణ తక్కువ" అన్నారు.

ఆ మిల్లు ఆవరణలోకి ఒకరోజు సినిమా కంపెనీ లారీలు వచ్చాయి. యుద్ధం మీద సినిమా, అందులోనూ నవ్వుల సినిమా. చెప్పులే సరిగ్గా తొడుక్కోలేని ఎనిమిది మంది సైన్యంలో చేరతారు. వాళ్ళు బూట్ల లేసులు కట్టుకోవడం నేర్చుకునేలోగా యుద్ధం అయిపోతుంది. అదీ కథ. ఆ ఎనిమిది మంది నటులకు కవాతు నేర్పే మనిషి కోసం కంపెనీవాళ్ళు వెతుకుతున్నారు. గేటు తీసిన మనిషే ఆ మనిషని తెలుసుకోవడానికి వాళ్ళకు ఎంతోసేపు పట్టలేదు. ముందున్న లారీని వెనక్కి రమ్మని ఆయన ఒక్క కేక వేస్తే, వీధిలో సంబంధంలేని బండ్లు కూడా వెనక్కి నడిచాయి.

మాస్టారు మళ్ళీ మనిషయ్యారు. ఖాకీ ఇస్త్రీ అయింది, మీసం లేచింది. ఎనిమిది మంది నటుల్నీ ఎండలో నిలబెట్టి ఆయన ఏం చేశారో గాని, కొద్ది రోజుల్లో వాళ్ళు కొలబద్దతో గీత గీసినట్టు నడవసాగారు. మడమ తిప్పితే ఒక్కటే చప్పుడు. వాళ్ళలో ఒకతను ఇంటికెళ్ళి అన్నం తినేటప్పుడు కూడా "వన్, టూ" అని నములుతున్నాడని వాళ్ళావిడ వచ్చి మొరపెట్టుకుంది.

దర్శకుడు చూడ్డానికి వచ్చాడు. చూసి తల పట్టుకుని మెట్టుమీద కూర్చున్నాడు.

"మాస్టారూ, ఇదేంటండీ?"

"కవాతు సార్."

"కవాతే. కానీ వీళ్ళు నిజంగా యుద్ధం గెలిచేసేలా ఉన్నారు. నాది నవ్వుల సినిమా అండీ. నాకు చేతకానివాళ్ళు కావాలి."

"చేతకానివాళ్ళుగానే కదా సార్ మీరు నాకు అప్పజెప్పింది" అన్నారు మాస్టారు, గర్వంగానే.

సరే, మర్చిపొమ్మన్నారు. నేర్పింది మర్చిపోవడం నటులకు చేతకాలేదు. కావాలని తూలారు, ఒకరిమీద ఒకరు పడ్డారు, కళ్ళు తిప్పారు, నాలుకలు బయటపెట్టారు. కెమెరా పక్కన లైట్లు పట్టుకునేవాళ్ళు ఆవలించారు. దర్శకుడు మళ్ళీ మెట్టుమీద కూర్చున్నాడు. ఆ మెట్టు అప్పటికే కొంచెం అరిగింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తిరిగింది కథ. మాస్టారి పక్కన నలుగురు కూర్చుంటే ఆయన నోరు ఊరుకోదు. ఆ పూట తన పాత కుర్రాళ్ళ గురించి మొదలుపెట్టారు. రాత్రి కాపలా కాసి కాసి, నడుస్తూనే నిద్రపోవడం అలవాటైన ఒకడుండేవాడట. "హాల్ట్" అంటే అందరూ ఆగేవారు, వాడు మాత్రం వరసలోంచి అలాగే ముందుకు వెళ్ళిపోయి గోడకు తగిలి, ఆ గోడకు సెల్యూట్ కొట్టి నిద్రలేచేవాడట. కుడి చెయ్యి ఏదో గుర్తుండడానికి దారం కట్టుకుని, ఏ చేతికి కట్టుకున్నాడో మర్చిపోతానేమోనని రెండో చేతికీ కట్టుకున్నవాడు ఇంకొకడట. గడ్డిబొమ్మను కత్తితో పొడవమంటే, "ఏమీ అనుకోకండి" అని చెప్పి పొడిచేవాడు మరొకడట.

చెప్పడం కాదు, లేచి చేసి చూపించారు. చెయ్యి కడుక్కోకుండానే. నటులు మెతుకులు గొంతులో ఇరుక్కుని దగ్గారు. దర్శకుడు ఎప్పుడు వచ్చాడో గాని, చెట్టు వెనక నిలబడి చూస్తున్నాడు.

"మాస్టారూ, ఇంకా ఉన్నారా?"

"బోలెడు మంది సార్. సైన్యానికి నా చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళతో ఇంకో సైన్యం పెట్టొచ్చు. అది కదలదనుకోండి."

"ఒక్కొక్కరినీ ఒక్కొక్క నటుడికి ఇచ్చేయండి."

అలా పంపకాలు మొదలయ్యాయి. నిద్రపోయేవాడు లావుపాటి నటుడికి వెళ్ళాడు. రెండు దారాలవాడు కళ్ళజోడు నటుడికి వెళ్ళాడు. చివరికి పొడుగు నటుడొక్కడే మిగిలాడు, ఆశగా చూస్తూ. అతనే సినిమాకు ముఖ్యం. చుట్టూ యాభై మంది నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నారు. మాస్టారి తలకు ఆ నవ్వు ఎక్కేసింది. ఎవరినైతే ఎప్పుడూ ఎవరికీ చెప్పకూడదని దాచుకున్నారో, వాణ్ణి బయటికి తీశారు.

"ట్రేగాడని ఒకడుండేవాడు" అన్నారు.

రొట్టెల దుకాణంలో పెరిగినవాడు. చిన్నప్పటి నుంచీ పొయ్యి దగ్గర నుంచి దుకాణం ముందుకి, అక్కణ్ణుంచి ఇంటింటికీ తలమీద రేకు ట్రే పెట్టుకుని తిరగడమే పని. ట్రే జారకుండా కుడిచెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. ఆ అలవాటు కాళ్ళలోకి దిగిపోయింది. నడక మొదలైతే చాలు, ట్రే లేకపోయినా కుడిచెయ్యి దానంతటదే లేచి నుదుటి పక్కన ఆగేది. ఎదురొచ్చే ప్రతి అధికారీ అది సెల్యూట్ అనుకుని తిరిగి కొట్టేవాడు. ట్రేగాడు మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే, దారిపొడుగునా పెద్దవాళ్ళంతా పనులు మానుకుని చెయ్యెత్తి నిలబడాల్సి వచ్చేది. ఒకసారి కర్నల్ గారు సైకిల్ మీద వస్తూ సెల్యూట్ కొట్టారు. వీడు చెయ్యి దించడు. వీడు దించితే గాని ఆయన దించకూడదనుకున్నారు పాపం, మర్యాదస్తుడు. ఒంటిచేత్తో సైకిల్ తొక్కుతూ వెళ్ళి వెళ్ళి గుర్రాలు నీళ్ళు తాగే తొట్టిలో దిగారు. తొట్టిలోంచి కూడా చెయ్యి పైనే ఉంది.

పొడుగు నటుడు లేచి, చెయ్యెత్తి, ముఖంలో ఎంతో శ్రద్ధతో నడిచాడు. దర్శకుడు ఈసారి మెట్టుమీద కూర్చోలేదు, మెట్టుమీంచి దొర్లాడు. "సినిమా దొరికింది" అన్నాడు లేస్తూ.

మాస్టారు ఆ సాయంత్రం గాలిలో తేలుతూ ఇంటిదారి పట్టారు. మలుపు తిరగ్గానే రొట్టెల వాసన తగిలింది. కాళ్ళు నేలమీదికి వచ్చాయి.

ఆ బేకరీ ట్రేగాడి అక్కది. వీధిలో అందరికీ ఆవిడ బేకరీ అక్కే. తల్లి లేని తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. వాడు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. వాడి సంచీ పట్టుకుని మాస్టారే వచ్చారు ఆ గుమ్మానికి. సంచీ తీసుకుని ఆవిడ ఏడవలేదు. చేతుల పిండి తుడుచుకుని, "మావాడు బాగా నడిచేవాడా మాస్టారూ?" అని ఒక్క ప్రశ్న అడిగింది.

ఏం చెప్పమంటారు. ఆయన నోట్లోంచి ఒక కథ వచ్చేసింది. మీవాడంత బాగా నడిచినవాడు మా దళంలో లేడు చెల్లెమ్మా, వాడి కవాతు చూసి జనరలంతటివాడు కారు ఆపించి దిగాడు అన్నారు. "అలాగా" అంది ఆవిడ. ఆ తర్వాత ఏడాదికేడాది కథ పెరిగింది. జనరల్ కారు దిగడమే కాక వాడి భుజం తట్టాడు. వాడు తుపాకీతో అందరికన్నా ముందు ఉరికాడు, వాణ్ణి చూసి శత్రువులు వెనకడుగు వేశారు. ఆవిడ బల్ల తుడుస్తూ అంతా వినేది. చివర్లో "అలాగా" అనేది. రొట్టెతో పాటు ఒక బన్ను అదనంగా కాగితంలో చుట్టి ఇచ్చేది.

ఇప్పుడు ఆ వీరుణ్ణి నీళ్ళతొట్టి పక్కన నడిపించి లోకాన్నంతా నవ్వించబోతున్నారు. లోకంలో ఇంకెవరు పోల్చుకోకపోయినా ఆ చేతిని ఆవిడ పోల్చుకుంటుంది.

భార్యకు చెప్పుకున్నారు. ఆవిడ చాటలో పప్పు ఏరుతూ వింది.

"నలుగురు నవ్వితే మీకు ఒళ్ళు తెలీదు. పెళ్ళిచూపుల్లో మా నాన్నను అనుకరించింది మీరే కదూ, ఆయన ఎదురుగానే" అంది.

"ఇప్పుడదెందుకే?"

"వెళ్ళి ముందే చెప్పేయండి. సినిమాలో చూసి తెలుసుకుంటే ఆ మనిషి తట్టుకోలేదు."

ముందు దర్శకుడి దగ్గరికి వెళ్ళారు. ఆ నడక తీసేయమని అడిగారు. ఉరుము కాస్తా చినుకులా అడిగిందని లైట్లవాళ్ళు చెప్పుకున్నారు. దర్శకుడు శ్రద్ధగా విన్నాడు. "తీసేస్తే సినిమాలో ఏమీ మిగలదు మాస్టారూ. అయినా వాణ్ణి వెటకారం చెయ్యనివ్వను, ఆ మాట మీకిస్తాను" అన్నాడు. అంతకన్నా ఏం అనగలడు.

తర్వాత బేకరీకి వెళ్ళారు, చెప్పేద్దామని. గుమ్మం ఎక్కారు. "ఏంటి మాస్టారూ, ఈ వేళప్పుడు?" అంది ఆవిడ. "రొట్టె" అన్నారు. తెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున వెళ్ళి రొట్టె తెచ్చుకున్నారు. సాయంత్రం వెళ్ళి ఇంకో రొట్టె. అలా సినిమా తీసినన్నాళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే పని లేకపోయింది. అలమారలో రొట్టెలు, పెట్టెమీద రొట్టెలు. మిల్లులో పావురాలు లావెక్కి ఎగరడం మానేశాయి, నడిచి వెళ్ళేవి. అప్పుడు వరసలో నడిచాయంటారు గాని, అది నమ్మక్కర్లేదు.

సినిమా విడుదలైంది. పోస్టరు తెచ్చి సరిగ్గా బేకరీ ఎదురుగోడకే అంటించారు. మిగతా ఏడుగురూ వెనక, పొడుగు నటుడు ముందు, చెయ్యి పైకి. మాస్టారు రొట్టెకు వెళ్ళేసరికి బేకరీ అక్క ఆ పోస్టరునే చూస్తోంది.

"మీరు పనిచేసిన సినిమా ఇదేనట కదా. నేనూ వస్తాను. వదినను కూడా తీసుకురండి" అంది.

"నీకెందుకు చెల్లెమ్మా, ఏదో పిచ్చినవ్వుల సినిమా..."

"నవ్వి చాలా రోజులైందిలెండి" అంది ఆవిడ, బన్ను చుడుతూ.

ఆదివారం మ్యాట్నీకి ముగ్గురూ వెళ్ళారు. మాస్టారి భార్య మధ్యలో కూర్చుంది, రెండు దేశాల మధ్య సరిహద్దులా. హాలు కిక్కిరిసింది. లావుపాటి నటుడు గోడకు సెల్యూట్ కొట్టి నిద్రలేస్తే బాల్కనీ ఊగింది. దారాలవాడికి ఈలలు పడ్డాయి. మాస్టారికి మాత్రం ఏ నవ్వూ వినిపించడం లేదు. యుద్ధంలో కూడా అంతగా చెమట పట్టలేదాయనకు.

పొడుగు నటుడు తెరమీదికి వచ్చాడు. నడక మొదలుపెట్టాడు. చెయ్యి లేచింది.

హాలంతా ఒక్కసారిగా పగలబడింది. అధికారులు వరసగా సెల్యూట్లు కొడుతున్నారు. కర్నల్ సైకిల్ మీద వస్తున్నాడు. మాస్టారు తెరను చూడలేదు, పక్కకూ చూడలేదు, తన బూట్ల వైపు చూస్తూ చెవులు మాత్రం భార్యకు అవతలి కుర్చీ మీద పెట్టారు. కవాతు మైదానంలో వరసలో ఒక్క అడుగు తప్పినా కనిపెట్టే చెవులవి. వెయ్యి మంది నవ్వుల్లో ఆ ఒక్క కుర్చీలోంచే నవ్వు లేదని వాటికి తెలిసింది.

కర్నల్ తొట్టిలో పడ్డాడు. నవ్వులు పొంగి, మెల్లగా తగ్గి, కథ తర్వాతి ముక్కలోకి వెళ్ళింది. జనం సర్దుకున్నారు. అప్పుడు, అందరూ ఊరుకున్నాక, ఆ కుర్చీలోంచి ఒక నవ్వు వచ్చింది. ముందు ముక్కుతో, తర్వాత గొంతుతో, తర్వాత ఆపుకోలేక. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మాస్టారి భార్య పమిటచెంగు ఆవిడ చేతికి ఇచ్చింది. బేకరీ అక్క కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది, నవ్వుతూనే తుడుచుకుంది.

బయటికి వచ్చాక ముగ్గురూ బేకరీ దాకా నడిచారు. ఆవిడ తలుపు తీసి, దీపం వేసి, బల్ల వెనక తన చోట నిలబడింది. మాస్టారు బల్లకు ఇవతల అటెన్షన్‌లో నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే.

"చెల్లెమ్మా, నేను..."

"ఆ చెయ్యి నేను నేర్పిందే మాస్టారూ" అంది ఆవిడ. "ఏడేళ్ళవాడు. చెయ్యి దించితే ట్రే పడుతుంది, ట్రే పడితే వీపు పగుల్తుంది అని చెప్పి చెప్పి నేర్పాను. నిద్రలో కూడా చెయ్యి తలకింద పెట్టుకునేవాడు కాదు, తలమీద పెట్టుకునేవాడు."

మాస్టారికి మాట రాలేదు. ఆయన జీవితంలో అది మొదటిసారని భార్య ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

"మీరు వాడి గురించి చెప్పేవాళ్ళే, జనరల్ గారు కారు దిగారని, తుపాకీతో ఉరికాడని. వింటుంటే నాకు వేరే ఎవరి తమ్ముడి గురించో చెప్తున్నట్టుండేది. మావాడు తిన్నగా నడవడమేంటి? పోనీలే, పాపం నా కోసమే కదా చెప్తున్నారని ఊరుకునేదాన్ని. ఇవాళ చూశాను వాణ్ణి. బుగ్గలు బిగించి, ఎంతో బాగా చేస్తున్నాననుకుంటూ... అది మావాడే." చెయ్యి నుదుటి దాకా ఎత్తి చూపించింది. "బొటనవేలు ఒక్కటే తప్పు. ట్రే కాలుతుందని మావాడు వేలు బయటికి పెట్టేవాడు."

"అది నేనూ చూడలేదు చెల్లెమ్మా" అన్నారు మాస్టారు.

"ఆ నీళ్ళతొట్టి నిజమేనా?"

"తొట్టి నిజమే. అందులో గుర్రం కూడా ఉందని మొన్న దర్శకుడికి చెప్పాను, అది అబద్ధం."

ఆవిడ మళ్ళీ నవ్వింది. తర్వాత బల్లమీద లేని పిండిని చేత్తో ఊడుస్తూ అడిగింది. "మరి తుపాకీతో ఉరకకపోతే, అక్కడ ఏం చేసేవాడు?"

మాస్టారు ఈసారి కథ వెతకలేదు. గొంతు తగ్గించి చెప్పారు. కవాతుకు పనికిరాడని వాణ్ణి తానే వంటశాలకు మార్చారు. ముందువరస కందకాల్లో ఉన్నవాళ్ళకు రొట్టెలు చేర్చాలి. బురదలో, వంకర దారుల్లో, ఎవరు మోసుకెళ్ళినా సగం నేలపాలయ్యేవి. ట్రేగాడు తలమీద పెట్టుకుని వెళితే ఒక్కటి జారేది కాదు. రోజూ వెళ్ళి వచ్చేవాడు. కందకాల్లోవాళ్ళు ముందు వాడి చెయ్యి చూసేవాళ్ళు గట్టు మీద, తర్వాత వాణ్ణి. చెయ్యి కనబడగానే అందరూ సెల్యూట్ కొట్టేవాళ్ళు, వేళాకోళానికి మొదలుపెట్టి, తర్వాత నిజంగానే. ఒకరోజు తిరిగి వస్తుంటే దారిమీద గుండు పడింది.

"తిరిగి వస్తుంటేనా?"

"తిరిగి వస్తుంటేనే. ట్రే మేమే తెచ్చుకున్నాం."

"ఖాళీదేనా?"

"ఖాళీదే చెల్లెమ్మా."

ఆవిడ కాసేపు ఎదురుగోడ మీది పోస్టరు వైపు చూసింది.

"అయితే అందరికీ అందాయన్నమాట" అంది.

"అందాయి. నాకూ అందింది. ఆ పూట నేను అక్కడే ఉన్నాను" అన్నారు మాస్టారు. ఇన్నేళ్ళలో ఎవరికీ, భార్యకు కూడా చెప్పని మాట అది. భార్య పక్కనే నిలబడి వింది, ఆయన మోచెయ్యి పట్టుకుంది.

బేకరీ అక్క కాగితం తీసి బన్ను చుట్టింది. ఒక బన్ను కాదు, రెండు.

"వదినకొకటి" అంది. "మాస్టారూ, మీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు. సంచీ తెచ్చిచ్చారు అప్పుడు. ఇవాళ వాణ్ణి తెచ్చిచ్చారు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తాను సినిమాకి. దుకాణం మూసి పనివాళ్ళందర్నీ తీసుకెళ్తాను."

అన్నట్టే తీసుకెళ్ళింది. ఆ సినిమా ఆ హాల్లో ఆడినన్నాళ్ళూ ఆ వీధికి ఆదివారాలు రొట్టెలు దొరకలేదనీ, జనం అలిగి సినిమాకే వెళ్ళిపోవడంతో అది ఇంకా ఎక్కువ రోజులు ఆడిందనీ చెప్పుకుంటారు. బేకరీ అక్క కబురు పంపితే పొడుగు నటుడు ఒకసారి వచ్చాడట, బొటనవేలు ఎలా పెట్టాలో చూపించుకుని వెళ్ళాడట. తర్వాతి సినిమాలో అతను గుమాస్తా వేషం వేశాడు. అందులో కూడా వేలు బయటికే ఉంటుంది, కావాలంటే చూడండి.

మాస్టారు ఇప్పుడు కూడా పొద్దున్నే రొట్టెకు వెళతారు. ఒక్క రొట్టెకే. ఆ వేళకు సరిగ్గా బేకరీ అక్క వెనక పొయ్యి గదిలోంచి తొలివాయి ట్రే తలమీద పెట్టుకుని దుకాణంలోకి వస్తుంది, కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలు బయటికి పెట్టి. మాస్టారు గుమ్మం దగ్గర ఆగి మడమలు కలుపుతారు. చెయ్యెత్తి నుదుటికి ఆనిస్తారు. ట్రే బల్లమీదికి దిగి, ఆవిడ చెయ్యి కిందికి వచ్చేదాకా ఆయన చెయ్యి దించరు.